ఆ పదహారులో అసలు ర్యామ్ ఎనిమిదే!

సంపాదకులకు,

పండగ ఆఫర్లు మొదలైతే చాలు, సెల్ దుకాణాల ముందు ఫ్లెక్సీల మీద '16 జీబీ ర్యామ్' అని బారెడు అక్షరాలు వెలుస్తాయి. పక్కన ఓ స్టార్ గుర్తు. ఆ గుర్తు పట్టుకుని వెతికితే అడుగున కనీకనిపించని ఇంగ్లీషులో '8 + 8' అని ఉంటుంది. మొదటి ఎనిమిదే ర్యామ్, అంటే ఫోన్ పనిచేసేటప్పుడు సమాచారాన్ని చేతికందేలా ఉంచుకునే మెమరీ. రెండో ఎనిమిది మనం ఫొటోలు, వీడియోలు దాచుకునే స్టోరేజీలోంచి కోసుకున్నది. డబ్బిచ్చి కొన్న 128 జీబీలోంచే అది పోతుంది. సెట్టింగ్స్‌లో ఇలా ర్యామ్ పెంచి చూపే సదుపాయం ఆపేసి ఫోన్ రీస్టార్ట్ చేస్తే తిరిగొస్తుంది కూడా.

ఈ పద్ధతే మోసమని నేననను. ర్యామ్ చాలనప్పుడు, అప్పటికి అక్కర్లేని సమాచారాన్ని పక్కకు పంపి, మళ్లీ కావాల్సినప్పుడు తెచ్చుకోవడం 1962 నాటి మాంచెస్టర్ యూనివర్సిటీ అట్లాస్ కంప్యూటర్‌లోనే ఉంది. మన ల్యాప్‌టాప్‌లూ రోజూ చేసేది అదే. అలాగని పక్కకు పంపే చోటును కూడా ర్యామ్ ఖాతాలో రాసేస్తే ఎలా? ర్యామ్ నుంచి సమాచారం నానోసెకండ్లలో అందుతుంది. ఫోన్ స్టోరేజీ నుంచి రావాలంటే అంతకు వందల రెట్ల సమయం పడుతుంది. చౌక ఫోన్లలో ఉండే ఈఎంఎంసీ అనే పాత రకం స్టోరేజీ అయితే మరీ నిదానం. వంటగట్టు మీద పట్టని గిన్నెల్ని అటకెక్కించి, గట్టు రెట్టింపైందని చెప్పుకోవడమే ఇది.

నష్టపోయేది తక్కువ ధర ఫోన్ కొనేవాళ్లే. '4 + 4' చూసి ఎనిమిదనుకుంటారు. బ్యాంకు యాప్‌లోంచి ఓటీపీ కోసం మెసేజ్‌లలోకి వెళ్లొచ్చేసరికి, మెమరీ చాలక ఆండ్రాయిడ్ ఆ యాప్‌ను మూసేసి ఉంటుంది. మళ్లీ మొదట్నుంచి లాగిన్. 2025 చివర్నుంచి మెమరీ చిప్‌ల ధరలు పెరిగాయి కాబట్టి, అసలు ర్యామ్ తగ్గించి ప్లస్ తర్వాతి అంకె పెంచే ఆశ కంపెనీలకు ఇంకా ఎక్కువవుతుందని నా అనుమానం.

నిబంధనలు లేకపోలేదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, అడుగున ఇచ్చే వివరణ కూడా ప్రకటన ఉన్న భాషలోనే, అదే ఫాంటులో ఉండాలి. తప్పుదోవ పట్టించే మాట చెప్పి, కింద వివరణతో సరిదిద్దుకోవడం కుదరదు. మొదటి తప్పుకే 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా ఆ సంస్థ తనంతట తానే విచారణ చేపట్టవచ్చు, చేపట్టాలి కూడా. పెట్టె మీదా ఫ్లెక్సీ మీదా అసలు ర్యామ్ అంకె ఒక్కటే పెద్దగా ఉండాలి. స్టోరేజీ నుంచి అరువు తెచ్చుకున్నది వేరే వరుసలో రాయాలి. పండగ రోజుల్లో మీ మొదటి పేజీని కప్పేసే ప్రకటనలకూ ఇదే షరతు పెట్టమని మనవి.

– ఒక పాఠకుడు, తెనాలి