మన బార్లీ వైన్ రుచుల సంఘం: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

నియమావళి ప్రకారం సర్వసభ్య సమావేశానికి ముందు ఈ నివేదిక మీకు అందిస్తున్నాను. ఈ ఏడాది పది రుచి సమావేశాలు జరిగాయి. ఇంకో రెండు జరగాల్సింది, జరగలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు కృతజ్ఞతలు. తమ ఇంట్లో చల్లగా, చీకటిగా ఉండే గదిని మన సీసాల కోసం వదిలేసిన అధ్యక్షులకు, ప్రతిసారీ గ్లాసుల పెట్టెలు మోసిన కోశాధికారికి, రుచి పత్రాలన్నీ ఫైలు చేసిన సహాయ కార్యదర్శికి మనం రుణపడి ఉన్నాం. చుక్క కూడా ముట్టకుండా అందరినీ ఇళ్ల దగ్గర దింపిన ఆ ఇద్దరికి ప్రత్యేక ధన్యవాదాలు. వాళ్లు ఉన్నారన్న ధైర్యంతోనే సమావేశాలు పెట్టగలిగాం.

కొత్తగా చేరినవాళ్లు ఈసారి కూడా ఇందులో ద్రాక్ష ఉంటుందా అని అడిగారు. ఉండదు. బార్లీ వైన్ అచ్చంగా ఎయిలే, అంటే ఒక రకం బీరే. ఆల్కహాల్ మామూలుగా 8 నుంచి 12 శాతం దాకా, అంటే వైన్‌కు దగ్గరగా ఉండటం వల్లే ఆ పేరు. అమెరికాలో సీసాల మీద ‘బార్లీ వైన్ స్టైల్ ఎయిల్’ అని రాసేది కూడా వైన్ అని ఎవరూ పొరబడకూడదనే. ఇంట్లో బీరు కాచే మన సభ్యుడొకరు ఆ బలం ఎక్కడిదో చక్కగా చెప్పారు. నానిన మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) నుంచి మొదట దిగే చిక్కటి తీపి రసాన్ని బలమైన బీరుకు వాడి, తర్వాత దిగే పలచటి రసంతో తేలిక బీరు కాచడం ఇంగ్లండులో పాత పద్ధతి.

ఐస్‌బాక్ అనే జర్మన్ బీరు సాయంత్రం కూడా బాగా జరిగింది. బీరును గడ్డకట్టించి మంచు తీసేస్తే నీళ్లు తగ్గి, రుచీ ఆల్కహాలూ చిక్కబడతాయి. ఇంపీరియల్ స్టౌట్ (నల్లటి, బలమైన బీరు) రోజున హాజరు తక్కువ.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది బిగ్‌ఫుట్ సాయంత్రం. అమెరికా బీరు కంపెనీ సియెర్రా నెవాడా వాళ్లు 1983 నుంచి కాస్తున్న బార్లీ వైన్ ఇది, 9.6 శాతం. ఏటా కొత్తది వస్తుంది. మన గదిలో వరుసగా ఐదేళ్ల సీసాలు పోగయ్యాయి. ఏ ఏడాదిదో తెలియకుండా గ్లాసులకు అంకెలు వేసి, ఒక్కొక్కరికి 60 మిల్లీలీటర్ల చొప్పున పోశాం. ఫ్రిజ్‌లోంచి తీసి గంట ఆగి, 12 డిగ్రీల దగ్గర మొదలుపెట్టాం. మరీ చల్లగా తాగితే వాసనే తెలియదు. కొత్త సీసాలో హాప్స్ (బీరుకు చేదునిచ్చే పువ్వులు) చేదు నాలుకను పట్టేసింది, పైన్, బత్తాయి తొక్క వాసనలు. మూడేళ్ల దాంట్లో చేదు దిగి కారమెల్ పైకి వచ్చింది. అన్నిటికంటే పాతదాంట్లో ఎండుద్రాక్ష, షెర్రీ వైన్ రుచులు. దాదాపు అందరూ వరుసను సరిగ్గా పట్టారు. ఆఖరి గ్లాసు పట్టుకుని పది నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. ఈ సంఘం పెట్టింది ఇందుకే అనిపించింది నాకు.

నాలుగో గ్లాసులో మాత్రం తడిసిన అట్టముక్క వాసన వచ్చింది. ఆ సీసా మన గదికి చేరే ముందు ఒక వేసవంతా ఒకరి వంటగది అలమరలో ఉందట. దయచేసి సీసాలు ఇంట్లో దాచకండి. వెంటనే గదికి చేర్చండి. నిలబెట్టే ఉంచాలి, ఎండ తగలకూడదు.

జరగని రెండు సమావేశాల సంగతి. ఒకటి హాలు అనుమతి రాక ఆగింది. సంబంధిత కార్యాలయానికి నాలుగుసార్లు తిరిగాను. కాగితం తేదీ దాటిపోయాక చేతికొచ్చింది. రెండోది మన తప్పే. పదకొండు మంది వాలంటీర్లుగా పేర్లిచ్చి ముగ్గురే వచ్చారు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. బిగ్‌ఫుట్ రోజు కూడా అర్ధరాత్రి దాకా గ్లాసులు కడిగింది ఆ ముగ్గురే. సబ్బు ఏ మాత్రం మిగిలినా నురుగు నిలవదు కాబట్టి ఒక్కో గ్లాసూ మూడుసార్లు కడగాలి. మిగతావాళ్లు రాకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది.

లెక్కలు తనిఖీ అయ్యాయి, పట్టిక జతచేశాం. అప్పులేమీ లేవు.

వచ్చే ఏడాదికి డొపెల్‌బాక్, బెల్జియం క్వాడ్రుపెల్ అనే బలమైన బీర్లు అనుకుంటున్నాం. గ్లాసులు కడగడానికి వచ్చేవాళ్లు సమావేశంలోనే పుస్తకంలో సంతకం చేయండి. చందా బాకీ ఉన్నవాళ్లు అదే రోజు కోశాధికారికి కట్టేయండి.

ఇట్లు
కార్యదర్శి