పుదుపేట పెద్దాయనకు నమస్కారం

ఈ రోజు తెల్లవారుజామున నాలుగూ ఇరవైకి ఫోను మోగింది. ఎత్తితే, మా వ్యానును బాగుచేసిన చెన్నై పుదుపేట మెకానిక్కు పెద్దాయన. "బండి స్టార్టు చేశావా తల్లీ? మీటరు ఎంత చూపిస్తోంది?" అన్నారు. 14.2 వోల్టులు అన్నాను. "లైట్లు, పొగ లాగే ఫ్యాను అన్నీ వేసి చూడు" అన్నారు. వేశాను. 13.9కి దిగి అక్కడే నిలబడింది. "చాలు, ఇక నీ పని చూసుకో" అని పెట్టేశారు. నేను వ్యాను మెట్టు మీద కూలబడి, ఇడ్లీ పాత్ర ఆవిరి కక్కుతున్నా లేవకుండా ఏడ్చాను. డెబ్బై దాటిన మనిషి. తన బండి కాదు, బంధువు బండి కాదు. నేను ఎన్నింటికి బయలుదేరతానో మాటల మధ్య విని, గుర్తుపెట్టుకుని లేచారు.

మాది గిండీ పారిశ్రామికవాడ దగ్గర నిలిపే టిఫిను వ్యాను. పాత డీజిలు బండి. పోయిన బుధవారం ఛార్జింగు దీపం వెలిగి ఆరలేదు. ఇంజను తిరుగుతుంటే బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరు లోపల, వోల్టేజీ హద్దు దాటకుండా చూసే రెగ్యులేటరు పోయిందని కంపెనీ సర్వీసు కేంద్రంలో చెప్పారు. రెగ్యులేటరు ఒక్కటే ఇవ్వరట, మొత్తం ఆల్టర్నేటరే మార్చాలట. ధర 19,500, రావడానికి మూడు వారాలు. ఆ సంగతి చెప్పినందుకు 600 కట్టించుకున్నారు. అరచేతిలో పట్టే భాగం పాడైతే బండి మొత్తాన్ని మూడు వారాలు మూలన పెట్టమనే పద్ధతి ఎవరి మేలు కోసమో నాకు ఇప్పటికీ అర్థం కావడం లేదు. వైరింగు పటమైనా ఇవ్వండి, బయట చేయించుకుంటాం అంటే, బయటివారికి ఇవ్వకూడదన్నారు. అంబత్తూరు, పాడి చుట్టూ వాహనాల విడిభాగాల కర్మాగారాలు ఇన్ని ఉన్న నగరంలో ఇదీ మా పరిస్థితి.

ఇంకో షాపులో బయట బిగించే రెగ్యులేటరు పెట్టించాం. శుక్రవారం రాత్రి రెండు హెడ్‌లైట్లూ ఒకేసారి మాడిపోయాయి. బ్యాటరీ ఉబ్బి, కుళ్లిన గుడ్ల వాసన. మీటరు పెడితే 16.8 వోల్టులు, ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువ. బండిని ఆపేసి, శనివారం లాగించుకుని, బండ్ల విడిభాగాల షాపులుండే పుదుపేట చేరాం. నాలుగు షాపుల్లో చూడను పొమ్మన్నారు. ఐదో షాపు ఈ పెద్దాయనది. పేరు రాయవద్దన్నారు కనుక రాయడం లేదు.

మేం వచ్చీ రాగానే ఆయన పానా పట్టుకోలేదు. ముందు నన్ను మాట్లాడనిచ్చారు. ఏ రోజు ఏం జరిగిందో మొత్తం విన్నారు. తర్వాత మీటరు ఒక కొనను కార్బన్ బ్రష్షుకు, ఇంకో కొనను ఆల్టర్నేటరు బాడీకి ఆనించారు. రెండూ కలిసి ఉన్నాయని మీటరు కూత పెట్టింది. "ఇదిగో నీ దొంగ" అన్నారు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తాను, ఇంకెవరి బ్యాటరీ అయినా దక్కుతుంది. తిరిగే రోటరు మీది ఫీల్డ్ కాయిలుకు రెండు బ్రష్షుల ద్వారా కరెంటు అందుతుంది. అది పెరిగితే ఛార్జింగు పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. రెగ్యులేటరు ఆ కరెంటును కలుపుతూ తెంపుతూ అదుపులో ఉంచుతుంది. కొన్ని పాజిటివ్ వైపు తెంపుతాయి, కొన్ని ఎర్త్ వైపు, అంటే బ్యాటరీ నెగటివ్‌కు కలిసి ఉండే బాడీ వైపు. మాకు బిగించింది ఎర్త్ వైపుది. కానీ లోపల ఒక బ్రష్షు అప్పటికే బాడీకి కలిసి ఉంది. రెగ్యులేటరు ఎంత తెంపినా బాడీ కలుపుతూనే ఉంది. ఇక వోల్టేజీకి పగ్గం ఎక్కడిది?

బ్రష్షుల హోల్డరు విప్పి, కింద కరెంటు పారని ఫైబరు వాషర్లు వేసి, రెండు బ్రష్షులకూ విడివిడిగా వైర్లు బయటికి తెచ్చారు. ఒకటి తాళం తిప్పితేనే కరెంటు కలిపే రిలే అనే స్విచ్చి నుంచి. నేరుగా బ్యాటరీకి ఇస్తే బండి ఆపాక కూడా కాయిలు కరెంటు తాగుతూనే ఉండి, తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ అవుతుందట. రెండోది రెగ్యులేటరు ఫీల్డ్ టెర్మినలుకు. రెగ్యులేటరును ఇంజను వేడికి దూరంగా, రంగు గీకి మెరిసే ఇనుము మీద బిగించారు. ఇవి కాక రెగ్యులేటరు నుంచి ఇంకో సన్నటి వైరు నేరుగా బ్యాటరీ దాకా లాగుతుంటే అది ఎందుకని అడిగాను. "ఈ వైరు లేకుండా, దారిలో అర వోల్టు పోయిందనుకో, బ్యాటరీలో తక్కువుందని రెగ్యులేటరు ఎక్కువ పంపిస్తుంది. రోగిని చూడకుండా పక్కింటివారిని అడిగి మందిచ్చినట్టు" అన్నారు.

ప్రతి కొననూ సోల్డరు చేసి, లాగి చూసి, మళ్లీ లాగి చూశారు. చివర మీటరు నా చేతికిచ్చి, "రేపు నేను ఉండను, నువ్వే చూడాలి" అని నాతోనే చూపించారు. అట్టముక్క మీద వైర్ల పటం గీసి, రంగుల పేర్లు తమిళంలో రాసి, తెలుగులో నన్ను రాసుకోమన్నారు. వాళ్ల పూర్వీకులది నెల్లూరు వైపట. తెలుగు కమ్మగా మాట్లాడతారు, చదవడం మాత్రం రాదు. అప్పటికి రాత్రి పదకొండు. రెగ్యులేటరుకు, కార్బన్లకు, వైర్లకు కలిపి 1,450 తీసుకున్నారు. కూలి ఎంతంటే చెయ్యి అడ్డంగా ఊపారు.

పుదుపేటలో తెలుగు చదివేవారు ఎవరైనా ఉంటే, దయచేసి ఇది ఆయనకు చదివి వినిపించండి. ఎవరి గురించో వారికి తెలుసు.

మా ఆయన, మా మరిది నాలుగు రోజులుగా బండితోనే ఉన్నారు. అత్తయ్య పిల్లల్ని చూసుకున్నారు.

మరిచాను, కొత్త బ్యాటరీ కొనేదాకా తన పాతది వాడుకోమని ఇచ్చిన విల్లివాక్కం బ్యాటరీ షాపు అక్కకు కృతజ్ఞతలు. పదకొండింటి దాకా టార్చి పట్టుకుని నిలబడిన టీ కొట్టు అబ్బాయికి కూడా.

ఇంకొకరు, కత్తిపారా దగ్గర మా వ్యానుకు తాడు కట్టి పుదుపేట దాకా లాగిన మినీ లారీ డ్రైవరు అన్న. హడావుడిలో పేరు అడగలేదు. అన్నా, మీ నీలం తాడు మా దగ్గరే ఉంది. పొద్దున ఆరు నుంచి పదింటి దాకా మేము గిండీలోనే ఉంటాం, వచ్చి టిఫిను చేసి తీసుకువెళ్లండి.