పళ్ల బుట్టలు

రాజమహేంద్రవరం

చిరంజీవి శ్రావ్యకు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నాన్నగారి బీపీ సంగతి, మాగాయ సంగతి ఫోనులో చెప్పాను కనుక మళ్లీ రాయను. ఫోనులో నోటికి రానిది ఒకటి ఉంది, అందుకే ఈ కాగితం.

మొన్న మీ అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో బాస్కెట్‌బాల్ మ్యూజియం చూసి వచ్చి, "మొదట్లో నిజంగా పళ్ల బుట్టలేనమ్మా" అని నవ్వావు. ఆ తర్వాత కాసేపు ఇద్దరమూ మాట్లాడలేదు. ఎందుకో నీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ రాత్రి నిద్ర పట్టక, ఆ ఆట గురించి దొరికిందల్లా చదివాను. 1891 డిసెంబరులో ఆ స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చలికి బయట ఆటలు ఆగిపోయాయి. లోపల చేయించే కసరత్తులంటే కుర్రాళ్లకు విసుగు. అలాంటి 18 మంది పెంకిఘటాలను జేమ్స్ నైస్మిత్ అనే మాస్టారికి అప్పగించారు. వాళ్ల కోసం బంతి వేసే కొత్త ఆట ఒకటి ఆలోచించి ఆయన చెక్కపెట్టెలు అడిగితే, భవనం చూసుకునే మనిషి అవి లేవని పీచ్ పళ్ల బుట్టలు రెండు తెచ్చిచ్చాడు. వాటిని బాల్కనీ అంచుకు మేకులతో కొట్టారు. ఆ అంచు నేలకు పది అడుగుల ఎత్తున ఉంది, ఇప్పటికీ రింగు ఎత్తు అంతే. బుట్టకు అడుగు ఉంటుంది కదా, బంతి పడ్డప్పుడల్లా ఎవరో ఒకరు చెయ్యి పెట్టి తీయాలి. మొదటి ఆటలో ఆ శ్రమ ఒక్కసారే పట్టింది. స్కోరు 1-0!

నన్ను కూర్చోబెట్టింది మాత్రం అక్కడికి ముప్పై కిలోమీటర్ల దూరంలోని నార్తాంప్టన్ కథ. అక్కడి స్మిత్ ఆడపిల్లల కాలేజీలో వ్యాయామం నేర్పే సెండా బెరెన్సన్ ఈ ఆటను తన విద్యార్థినులకు తెచ్చింది. 1893 మార్చి 22న మొదటి ఏడాది పిల్లలకూ రెండో ఏడాది పిల్లలకూ పోటీ పెట్టారు. అమ్మాయిలు బ్లూమర్లనే వదులు పంట్లాలు వేసుకుని ఆడుతున్నారు కనుక మగవాళ్లకు లోపలికి ప్రవేశం లేదు. ఆట మొదలుపెట్టడానికి సెండా బంతి పైకి ఎగరేస్తుంటే, ఆమె చెయ్యి తగిలి మధ్యలో నిలబడ్డ అమ్మాయి భుజం జారింది. గదిలోకి తీసుకెళ్లి కీలు సరిచేశారు, ఆమె స్థానంలో ఇంకో అమ్మాయి వచ్చింది, ఆట సాగింది. ఈ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

అంతకు ఇరవై ఏళ్ల ముందు, 1873లో, ఎడ్వర్డ్ క్లార్క్ అనే బోస్టన్ వైద్యుడు ఆడపిల్లలు మగపిల్లల్లా చదివితే గర్భసంచి దెబ్బతింటుందని ఏకంగా పుస్తకమే రాశాడు. అలాంటి భయాల మధ్య సెండా ఆటస్థలాన్ని మూడు భాగాలు చేసింది. ఎవరి భాగం దాటి వాళ్లు వెళ్లకూడదు, చేతిలోని బంతిని లాక్కోకూడదు. ఆ గీతలు నాకు నచ్చలేదు. కానీ అవి గీయకపోతే ఆ పిల్లలను ఆడనిచ్చేవారా అన్నది కూడా ఆలోచించాలి. మగపిల్లల కాలేజీల్లో మాత్రం అప్పటికే అమెరికన్ ఫుట్‌బాల్ ఎముకలు విరగ్గొట్టుకునే ఆటైపోయింది. 1892లో హార్వర్డ్ వాళ్లు యేల్ మీదికి బాణం మొనలా గుంపుగా దూసుకెళ్లే వ్యూహం పన్నారు. దాన్ని కనిపెట్టినాయన ఫుట్‌బాల్ ఎన్నడూ ఆడలేదు, చదరంగం పిచ్చివాడు! ఆ కుర్రాళ్లను చదువు మానిపించి ఇంట్లో కూర్చోమన్నవాళ్లు ఉన్నారా?

నిన్ను మాత్రం ఆడొద్దని నేను అన్నాను కదా. ఇంటర్ మొదటి ఏడాది, జిల్లా జట్టుకు ఎంపికయ్యావని కోచ్ ఇంటికి వస్తే, గుమ్మంలోనే నిలబెట్టి పంపేశాను. "కాలు విరిగితే ఎంసెట్ ఎవరు రాస్తారు?" అన్నాను. నల్లబడిపోతావన్నది కూడా నేనే. క్లార్క్ గారు చదువు ఒంటికి చేటన్నాడు, నేను ఆట చదువుకు చేటన్నాను. నువ్వు ఎదురు చెప్పలేదు. బూట్లు కడిగి, ఎండబెట్టి, అటక మీద పెట్టావు. రెండేళ్లకు వాటిని పనిమనిషి కొడుక్కి ఇచ్చేశాను. నీకు చెప్పలేదు. నువ్వూ అడగలేదు.

మీ యూనివర్సిటీలో సాయంత్రాలు ఎవరైనా వచ్చి ఆడుకోవచ్చని ఒకసారి నువ్వే మాట జారావు. చూస్తూ నిలబడతానని కూడా అన్నావు. నా పెన్షన్ నుంచి పదివేలు నీ ఖాతాలో వేయించాను, నాన్నగారికి తెలియదు. బూట్లు కొనుక్కో. అప్పట్లో నీ కాలికి ఆరో నంబరు సరిపోయేది, ఇప్పుడు ఎంతో నాకు తెలియదు. కొన్నాక వేసుకుని ఫొటో తీసి పంపు. మొహం ఒక్కటే కాదు, పాదాలూ పడాలి.

ఇట్లు,
మీ అమ్మ