కేబుల్ ఒడ్డుకు చేరకముందే వల నష్టం సంగతి తేల్చాలి

సంపాదకులకు,

అయ్యా,

విశాఖపట్నంలో ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడితో కృత్రిమ మేధ కేంద్రాన్ని నెలకొల్పుతామని గూగుల్ 2025 అక్టోబరు 14న ప్రకటించినప్పటి నుంచి భూమి గురించి, నీటి గురించి, కరెంటు గురించి, ఉద్యోగాల గురించి పత్రికల్లో ఎంతో చర్చ జరిగింది. అది జరగవలసిందే. అయితే అదే ప్రకటనలో ఉన్న మరో మాటను, అంటే దేశాల మధ్య ఇంటర్నెట్‌ను చేరవేసే అంతర్జాతీయ సముద్రగర్భ కేబుళ్లు ఈ తీరానికి వస్తాయన్న సంగతిని, పట్టించుకున్నవారు తక్కువ. ఇంతవరకు మన దేశానికి వచ్చే అంతర్జాతీయ కేబుళ్లు ముంబయి, చెన్నై, కొచ్చి, తూత్తుకుడి, తిరువనంతపురం తీరాల్లో ఒడ్డెక్కుతున్నాయి. ఆంధ్ర తీరానికి ఇది కొత్త అనుభవం. కాబట్టి కేబుల్‌ను కాపాడే బాధ్యత ఎవరిది, ఆ కాపుదల వల్ల నష్టపోయేవారికి ఎవరు చెల్లిస్తారు అన్న రెండు ప్రశ్నలకు ప్రభుత్వం ముందుగానే రాతపూర్వకంగా జవాబు చెప్పాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

సముద్రగర్భ కేబుల్ అనగానే శత్రుదేశాల జలాంతర్గాములు, విద్రోహ చర్యలు గుర్తుకు వస్తాయి. సొరచేపలు కేబుళ్లను కొరికేస్తాయన్న కథ కూడా చాలాకాలంగా చెలామణిలో ఉంది. వాస్తవం ఇంత రసవత్తరంగా లేదు. ప్రపంచవ్యాప్తంగా ఏటా 150 నుంచి 200 వరకు కేబుళ్లు దెబ్బతింటుండగా, వాటిలో నూటికి 70 నుంచి 80 వరకు చేపల వేట వల్ల, ఓడల లంగర్ల వల్ల జరిగేవేనని అంతర్జాతీయ కేబుల్ రక్షణ సంఘం చెబుతూ వస్తోంది. నడిసముద్రంలో ఈ కేబుల్ తోటకు నీళ్లు పట్టే గొట్టమంత లావే ఉంటుంది. తీరం దగ్గరపడే కొద్దీ దానికి ఉక్కు తీగల తొడుగు వేస్తారు, ఇసుకలో మీటరో రెండు మీటర్లో లోతున పూడ్చుతారు. అయినా అలలకు, ప్రవాహాలకు ఇసుక కదిలిపోయి కేబుల్ పైకి తేలిన చోట, అడుగు వరకు దించి ఈడ్చే ట్రాల్ వల గానీ, నేలను దున్నుకుంటూ పోయే లంగరు గానీ తగిలితే ఆ తొడుగు ఆగదు. 2008లో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా వద్ద కేబుళ్లు తెగి మన దేశంలో ఇంటర్నెట్ నత్తనడక నడిచిన రోజుల్లోనే గల్ఫ్ జలాల్లోనూ మరో కేబుల్ తెగింది. దాన్ని బాగుచేయడానికి వెళ్లినవారికి అక్కడ కనిపించింది ఎవరో వదిలేసిన, ఐదారు టన్నుల బరువున్న లంగరు. 2024 ఫిబ్రవరిలో ఎర్రసముద్రంలో యెమెన్ తిరుగుబాటుదారులైన హూతీల క్షిపణి దెబ్బకు సిబ్బంది విడిచిపెట్టిన రూబీమార్ అనే ఓడ కొట్టుకుపోతూ తన లంగరుతో మూడు కేబుళ్లను తెంపిందని నిపుణులు భావిస్తున్నారు. యుద్ధం జరుగుతున్న చోట కూడా కేబుల్‌ను తెంపింది క్షిపణి కాదు, లంగరు.

దోషిని పట్టుకుని శిక్షిస్తే సరిపోతుంది కదా అనేవారు ఫిన్లాండ్ అనుభవాన్ని చూడాలి. ఫిన్లాండ్, ఎస్టోనియాల మధ్య విద్యుత్తును చేరవేసే ఎస్ట్‌లింక్ 2 కేబుల్ 2024 డిసెంబరు 25న తెగిపోయింది. దానితో పాటు నాలుగు కమ్యూనికేషన్ కేబుళ్లు కూడా దెబ్బతిన్నాయి. కుక్ దీవుల జెండాతో వెళుతున్న ఈగల్ ఎస్ అనే చమురు నౌక తన లంగరును దాదాపు 90 కిలోమీటర్లు ఈడ్చుకుపోయిందన్నది అభియోగం. ఫిన్లాండ్ అధికారులు వెంటనే ఓడ ఎక్కి దాన్ని తమ అదుపులోకి తీసుకున్నారు, సముద్రం అడుగు నుంచి లంగరును వెలికితీశారు, కెప్టెన్ మీద, మరో ఇద్దరు అధికారుల మీద కేసు పెట్టారు. అంత సమర్థంగా పనిచేసినా, ఘటన జరిగింది తమ ప్రాదేశిక జలాలకు వెలుపల కాబట్టి విచారించే అధికారం తమకు లేదని హెల్సింకీ జిల్లా కోర్టు 2025 అక్టోబరులో కేసు కొట్టివేసింది. కేబుల్ మరమ్మతు పూర్తయి మళ్లీ కరెంటు పారడానికి దాదాపు ఆరు నెలలు పట్టింది. మన 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంలోనూ కీలక వ్యవస్థలకు నష్టం కలిగిస్తే జైలు, జరిమానా ఉన్నాయి. కానీ తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు దాటాక విదేశీ ఓడ మీద ఆ చట్టం ఎంతవరకు పనిచేస్తుందో ఈ తీర్పును చదివితే తెలుస్తుంది. ఆ హద్దుకు ఇవతలి సముద్రం మాత్రం మన చేతుల్లో ఉంది, అందులో చేపల వేటను నియంత్రించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిదే. చేయగలిగినదంతా ఇక్కడే చేయాలి.

విశాఖ సముద్రం ఖాళీగా లేదు. తూర్పు నౌకాదళ కేంద్రం, విశాఖ, గంగవరం ఓడరేవులు, బెర్తు కోసం బయట లంగరు వేసుకుని నిరీక్షించే ఓడలు, ఫిషింగ్ హార్బర్ నుంచి వెళ్లే మరబోట్లు, వీటన్నిటి మధ్య నుంచి కేబుల్ ఒడ్డుకు రావాలి. తుపాను వేళ లంగరును నమ్ముకోలేమని ఈ నగరానికి వేరే చెప్పనక్కర్లేదు. 2020 అక్టోబరులో వాయుగుండం సమయంలో బంగ్లాదేశ్‌కు చెందిన ఎం.వి. మా అనే సరుకు ఓడ లంగరు నిలవక కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డున చిక్కుకుపోయింది. నెలల తరబడి జనం దాని ముందు నిలబడి ఫోటోలు దిగారు. ఆ దారిలో ఒక కేబుల్ ఉండి ఉంటే ఏమయ్యేదో అప్పుడు ఆలోచించాల్సిన అవసరం మనకు లేకపోయింది, ఇకపై ఉంటుంది. ఓడలు వేచి ఉండే ప్రాంతానికి, కేబుల్ దారికి మధ్య తగినంత ఎడం ఉండేలా ఓడరేవు అధికారులు ఇప్పుడే చూడాలి.

ఓడల సంగతి ఓడరేవు ఆదేశాలతో కొంతవరకు తేలుతుంది. మత్స్యకారుల సంగతి అలా తేలదు. న్యూజిలాండ్‌లో 1996 నాటి చట్టం కింద కుక్ జలసంధిలోని విద్యుత్, కమ్యూనికేషన్ కేబుళ్ల చుట్టూ సుమారు ఏడు కిలోమీటర్ల వెడల్పున రక్షిత ప్రాంతాన్ని ప్రకటించి, అందులో లంగరు వేయడాన్ని, చాలా రకాల వేటను నిషేధించి, పడవలతో, హెలికాప్టర్లతో కాపలా కాస్తున్నారు. ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు ఇక్కడికి తెస్తే, ఇప్పటికే ఓడరేవులకు, నౌకాదళానికి వేట స్థలాలు వదులుకున్న మన మత్స్యకారుల మీద మరో గీత గీసినట్టే అవుతుంది. అందుకే నిషేధ ప్రాంతాన్ని వీలైనంత సన్నగా ఉంచి, మిగిలిన చోట నష్టపరిహారం మీద ఆధారపడాలని నా అభిప్రాయం.

ఇది నా సొంత ఊహ కాదు. సముద్రగర్భ తంతి తీగల రక్షణకు 1884లో పారిస్‌లో కుదిరిన ఒప్పందంలోనే ఈ సూత్రం ఉంది. తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్న ఓడ యజమాని, కేబుల్‌ను దెబ్బతీయకుండా ఉండడం కోసం తన లంగరునో, వలనో, వేట సామగ్రినో వదులుకుంటే, కేబుల్ యజమాని అతనికి పరిహారం చెల్లించాలి. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒడంబడికలోని 115వ అధికరణం కూడా అదే చెబుతోంది. అమెరికాలోని ఆరెగాన్ తీరంలో ట్రాలర్ల యజమానులు, కేబుల్ కంపెనీలు కలిసి కమిటీగా ఏర్పడి ఇదే సూత్రాన్ని ఆచరణలో పెట్టారు. వల ఎక్కడో తగులుకుందని తోచగానే బోటు నుంచి ఫోన్ చేయవచ్చు, కేబుల్‌ను కాపాడడానికి వల కోసేసుకుంటే దాని వెల కంపెనీల నిధి నుంచి అందుతుంది. మన దగ్గర ఈ అధికరణం గురించి ఎంతమంది బోటు యజమానులకు తెలుసు? వల ఖరీదు లక్షల్లో ఉన్నప్పుడు, కోసుకుంటే రూపాయి రాదని తెలిసినవాడు ఇంజిన్ వేగం పెంచి లాగే చూస్తాడు. అతన్ని తప్పుపట్టలేం. పైగా అలా లాగడం అతని ప్రాణానికే ముప్పు, ఎందుకంటే బరువైన కేబుల్‌కు వల చిక్కుకుంటే బోటు ఒరిగిపోవచ్చు, దారిలో సంకేతాన్ని మళ్లీ బలపరిచే రిపీటర్లనే పరికరాలకు శక్తినిచ్చేందుకు ఆ కేబుల్‌లో వేల వోల్టుల విద్యుత్తు కూడా ప్రవహిస్తూ ఉంటుంది.

ఇందుకు కావలసిన ఏర్పాట్లలో కొన్ని ఇప్పటికే ఉన్నాయి. దేశవ్యాప్తంగా లక్ష వేట బోట్లకు ఇస్రో రూపొందించిన ట్రాన్స్‌పాండర్లు, అంటే సందేశాలు పంపి అందుకునే పరికరాలు, అమర్చే పథకాన్ని కేంద్రం 2024 ఆగస్టులో ప్రారంభించింది. సరిహద్దును, తుపానును హెచ్చరించే ఆ పరికరమే కేబుల్ దారిని సమీపించినప్పుడు తెలుగులో హెచ్చరిక చేయవచ్చు. వేట నిషేధ భృతి చెల్లించడం కోసం బోట్ల వివరాలు, కుటుంబాల వివరాలు మత్స్యశాఖ దగ్గర ఉన్నాయి కాబట్టి పరిహారం చెల్లించడానికి కొత్త యంత్రాంగం వెతకనక్కర్లేదు. తీరానికి దగ్గరగా కేబుల్ వేసే పనిని, వాతావరణం అనుకూలిస్తే, ఏటా వేట నిషేధం వల్ల మరబోట్లు ఎలాగూ ఒడ్డునే ఉండే ఏప్రిల్ 15, జూన్ 14 మధ్య కాలంలో పెట్టుకోవడం మేలు. తెప్పల మీద వేటకు వెళ్లేవారికి ఆ నిషేధం వర్తించదు కనుక వారితో విడిగా మాట్లాడాలి.

మరమ్మతు ఓడ విషయం కేంద్రం చేతుల్లో ఉంది. భారత జెండా కింద కేబుల్ మరమ్మతు నౌక లేదన్న లోటును టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లో చేసిన సిఫార్సుల సందర్భంగా ప్రస్తావించింది. విదేశీ ఓడ రావాలి, దానికి అనుమతులు రావాలి, అప్పటిదాకా తెగిన కేబుల్ తెగినట్టే ఉంటుంది. ముంబయి దగ్గరి ఘారాపురి (ఎలిఫెంటా) దీవికి 2018లో సముద్రం అడుగున ఏడున్నర కిలోమీటర్ల కేబుల్‌తో కరెంటు ఇచ్చిన మనం, ఇప్పుడు శ్రీలంకతో విద్యుత్ అనుసంధానం గురించి మాట్లాడుతున్నాం. ఈ ఓడ అవసరం ఇంటర్నెట్ కంపెనీలకు మాత్రమే పరిమితం కాదు.

ఈ లేఖ ద్వారా రాష్ట్ర మత్స్యశాఖను కోరేది ఇది. కేబుల్ సంస్థలకు ఇచ్చే ప్రతి అనుమతిలోనూ 115వ అధికరణం ప్రకారం పరిహారం చెల్లించే షరతు చేర్చాలి. వల కోల్పోయినట్టు ఏ ఆధారం చూపాలో, ఎన్ని రోజుల్లో డబ్బు చేతికందుతుందో అందులో స్పష్టంగా రాయాలి. తీర సర్వే మొదలయ్యే ముందే ఆ షరతుల ప్రతిని, కేబుల్ దారి పటాన్ని విశాఖ ఫిషింగ్ హార్బర్‌లోనూ, భీమిలి వరకు ఉన్న మత్స్యకార గ్రామాల్లోనూ తెలుగులో అతికించాలి.

భవదీయుడు,
ఒక విశ్రాంత నౌకాశ్రయ ఉద్యోగి,
విశాఖపట్నం.