లీటర్ల కింద తెగిపోయిన ల వత్తు

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. ఫోన్లో చెబుదామంటే నువ్వెప్పుడూ మీటింగులోనే ఉంటున్నావు. పైగా ఇది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. అందుకే పొద్దుటి పాల బండి వెళ్లిపోయాక రసీదు పుస్తకం వెనక కాగితాల మీద రాసి, నీ తమ్ముడి చేత టైపు చేయించి పంపుతున్నాను. వాడు మధ్యలో తన తెలివితేటలు కలిపితే అవి నావి కావు.

నువ్వు చేసి పంపిన పాల లెక్కల యాప్‌ని సోమవారం నుంచి శుక్రవారం దాకా ఐదు పొద్దులూ పాల కేంద్రంలో వాడాను. పుస్తకంలో మామూలుగా రాస్తూ పక్కన దాంట్లోనూ ఎక్కించాను. పాలు పోసేవాళ్ల ఫోన్లలో కూడా వేయించాను. మొదటి రోజు "ఎలా ఉంది?" అని అందర్నీ అడిగాను. అందరూ "బాగానే ఉందండీ" అన్నారు. ఆ మాట నమ్మకు. సెక్రటరీగారి అమ్మాయి చేసింది బాగాలేదని మొహం మీద ఎవరంటారు? పెళ్లి భోజనాల్లో సాంబారు ఉప్పు కషాయంలా ఉన్నా బాగుందనే కదా అంటాం. రెండో రోజు నుంచీ అడగడం మానేసి వాళ్ల బొటనవేలు చూడ్డం మొదలుపెట్టాను. వేలు ఎక్కడ ఆగిందో, ఎక్కడ గాల్లో తిరిగి వెనక్కొచ్చిందో అదే రాసుకున్నాను. ఐదుగురిని పక్కన నిలబడి చూస్తే లోపాల్లో చాలావరకు బయటపడతాయని జేకబ్ నీల్సన్ అనే వెబ్‌సైట్ల వాడకం నిపుణుడు 2000లో రాశాడని నువ్వు సంక్రాంతికి వచ్చినప్పుడు చెప్పావు. అప్పుడు నేను నవ్వాను. తీరా చూస్తే నాలుగో మనిషి దగ్గరికొచ్చేసరికి పాత తప్పులే మళ్లీ మళ్లీ కనిపించాయి.

ముందు కాలవ గట్టు పెద్దావిడ సంగతి చెబుతాను. నీకు గుర్తుందిగా, చిన్నప్పుడు నీకు జున్నుపాలు ఇచ్చేది. పొద్దున అయిదున్నరకి వచ్చింది. ఎడమ చేతిలో క్యాను, కుడి చేయి అప్పుడే బోరింగు దగ్గర కడుక్కుని తడితడిగా ఉంది. కొంగున కట్టుకున్న ఫోను తీసి యాప్ తెరిచింది. సగం తెర నిండా ఆవు బొమ్మ. అదీ నల్ల మచ్చల సీమ ఆవు, మా కేంద్రానికి వచ్చేవేమో అన్నీ గేదె పాలు! దాని కింద "స్వాగతం", ఆ కింద వాతావరణం, ఆ కింద దాణా గురించి ఏదో వ్యాసం. ఆవిడకి కావలసింది ఒక్కటే: ఈ పూట ఎన్ని రూపాయలు పడ్డాయి? అది మూడు మీటలు నొక్కితే గానీ రాలేదు. మొదటి మీట నొక్కేటప్పటికే వేలి తడికి తెర తనంతట తానే కిందికి జారి దాణా వ్యాసం తెరుచుకుంది. ఆవిడ ఫోన్ని కొంగుకి తుడిచి, మళ్లీ నొక్కి, మళ్లీ దాణాలోకే వెళ్లింది. వెనకాల లైన్లో ఎనిమిది మంది. "నాకు రాదులే బాబూ, నువ్వే చెప్పు" అని ఫోను నా చేతిలో పెట్టేసింది.

ఆ "నాకు రాదులే" అన్న మాట నాకు బాగా గుచ్చుకుంది. ఎందుకంటే అదే పెద్దావిడ వాట్సాప్‌లో దుబాయ్‌లో ఉన్న కొడుక్కి రోజూ వాయిస్ పెడుతుంది. మైకు బొమ్మ నొక్కి పట్టుకోవడం, మాట్లాడటం, వదిలేయడం ఎవరూ నేర్పలేదు. మనవాడికి ఫోన్‌పేలో వంద పంపిస్తుంది. అంత చేసే మనిషి నీ యాప్ దగ్గర తనకి రాదనుకుంది. తడి చేతులకి తెరలు సరిగ్గా పలకవని నీకు తెలుసు. కానీ మీ ఆఫీసులో ఏసీ గదిలో అందరి చేతులూ పొడిగా ఉంటాయి, కుర్చీల్లో కూర్చుని ఉంటారు, రెండు చేతులూ ఖాళీ. పాలు పోసేవాళ్లకి ఉన్నది ఒక చెయ్యి, అది తడి, అరచెయ్యంతా కాయలు కాసి ఉంటుంది.

మీటల సైజుకి గూగుల్ వాళ్లు 48 డీపీ అనీ, ఆపిల్ వాళ్లు 44 పాయింట్లనీ తెర కొలతల్లో కనీసం లెక్క చెప్పారన్నావు కదా. 48 డీపీ అంటే సుమారు 9 మిల్లీమీటర్లని కూడా నువ్వే చెప్పావు. నేను స్కేలు పెట్టి కొలిచాను. "బిల్లు చూడు" అన్న మీట ఎత్తు ఆరు మిల్లీమీటర్లు. దాని నెత్తినే "లాగవుట్" ఉంది. రోజుకి రెండు పూటలా నొక్కేదాన్నీ, ఏడాదికోసారి కూడా నొక్కనిదాన్నీ అంత దగ్గరగా పెట్టడం ఏంటమ్మా? గురువారం ముగ్గురు లాగవుట్ అయిపోయారు.

లాగవుట్ అయ్యాక అసలు బాధ మొదలు. మళ్లీ లోపలికి రావాలంటే ఓటీపీ కావాలి. మా పుస్తకంలో సభ్యుల పేర్లు సగం మగవాళ్లవి, పాలు పోసేది ఆడవాళ్లు. నంబరు భర్తది. ఆయన పొద్దున్నే పొలం వెళ్లిపోయాడు, లేదా తెనాలి మార్కెట్లో ఉన్నాడు. ఓటీపీ ఆయన జేబులో మోగుతుంది, ఇక్కడ ముప్ఫై సెకన్లు ఒకటొకటిగా దిగిపోతుంటే ఈవిడ మొహం చూడాలి నువ్వు. ఒక సభ్యత్వానికి రెండు మూడు నంబర్లు కట్టుకునే వీలు పెట్టండి. ఒకసారి లోపలికొచ్చిన ఫోన్ని ఊరికే బయటికి నెట్టకండి. చూసుకోడానికి ఒక తాళం చాలు. డబ్బు బయటికి పంపేటప్పుడు కదా రెండో తాళం కావాల్సింది.

ఇక తెలుగు. దీని మీద నీకు కొంచెం కోపం వచ్చినా ఫరవాలేదు. "హోమ్"ని "గృహం" చేశారు. "బ్యాలెన్స్"ని "సంతులనం" చేశారు. "సబ్మిట్" దగ్గర "సమర్పించు" అని ఉంటే మన పూజారి గారి అబ్బాయి "ఏం సమర్పించమంటారు, కొబ్బరికాయా?" అన్నాడు. అందరికన్నా ఎక్కువ భయపెట్టింది "మీ గడువు ముగిసింది" అన్న మాట. డెబ్బయ్యేళ్ల మనిషికి పొద్దున్నే అలాంటివి చూపిస్తారా? "మళ్లీ లోపలికి రండి" అంటే సరిపోయేది. ఇక్కడ ఎవరూ వెన్న శాతం అనరు, ఫ్యాట్ అంటారు. పాలలో వెన్న పోగా మిగిలే ఘన పదార్థాన్ని కూడా అలాగే ఎస్ఎన్ఎఫ్ అనే అంటారు. "లావాదేవీల చరిత్ర" అక్కర్లేదు, "పాత లెక్కలు" చాలు. ఈ మాటల్ని తెలుగు చేసిన మెషీన్ ఎప్పుడూ పాలు పోయలేదు కాబట్టి దాని తప్పు లేదు. దాన్ని చదవకుండా పెట్టేసిన మనిషిని అడగాలి.

అక్షరాల సంగతి ఇంకోటి. మా వయసు వాళ్లందరూ ఫోన్లో అక్షరాల సైజు పెంచుకుని ఉంటారు. అలా పెంచిన ఫోన్లో మీ యాప్ తెరిస్తే "లీటర్లు" అన్నచోట కింది ల వత్తు తెగిపోయి "లీటరు" అని పడింది. మూడున్నర లీటర్లు పోసినావిడ "3.5 లీటరు" అని చూసి, ఒక్క లీటరే ఎక్కించారేమోనని కంగారు పడింది. "మొత్తం" కాస్తా "మొతం" అయింది. నీ తమ్ముడు చూసి చెప్పాడు: అక్షరాన్ని ఫోను సెట్టింగుతో పాటు పెరిగే ఎస్పీ కొలతలో పెట్టి గడి ఎత్తుని మాత్రం అలా పెరగని డీపీలో బిగించేశారట. అక్షరం పెరిగింది, గడి పెరగలేదు. ఇంగ్లీషుకి కిందా పైనా ఇంత జాగా అక్కర్లేదు. మనకి పైన గుడి, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు. "స్త్రీ" అన్న మాట పెట్టి చూడండి, గడి సరిపోయిందో లేదో తెలిసిపోతుంది. 2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా" అక్షరం ఒకటి వస్తే ఐఫోన్లు కుప్పకూలిపోయాయని పేపర్లో చదివి మనం నవ్వుకున్నాం, గుర్తుందా? తర్వాత ఆపిల్ వాళ్లు 11.2.6 అని ఒక అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. అంత పెద్ద వాళ్లకే మన వత్తులు కొరుకుడు పడలేదు, కాబట్టి నువ్వు సిగ్గుపడక్కర్లేదు. కానీ వాళ్లకి తెలుగు రాదు, నీకు వచ్చు.

తెల్ల తెర మీద బూడిద రంగు అక్షరాలు ట్యూబులైటు కింద కాస్త కనిపించాయి, వాకిట్లో ఎండలో అసలు లేవు. అక్షరానికీ వెనక రంగుకీ తేడా కనీసం 4.5కి 1 ఉండాలని ఒక ప్రమాణం ఉందన్నావు, మరి అది మీవాళ్లు చూశారా? ఫ్యాట్ తగ్గితే ఎరుపు, పెరిగితే ఆకుపచ్చ అని పెట్టారు. మీ బాబాయికి ఆ రెండు రంగులూ ఒకటేనని ఇంట్లో అందరికీ తెలుసు కదా. పక్కన పైకో కిందికో బాణం గుర్తు వేస్తే పోతుంది.

మంగళవారం జరిగింది మాత్రం చిన్నది కాదు. వేపచెట్టు వెనక మాకు సిగ్నల్ అంతంతమాత్రం. నాలుగున్నర లీటర్లు ఎక్కించి నొక్కాను. చక్రం తిరుగుతూనే ఉంది. పడిందో లేదో చెప్పదు. మళ్లీ నొక్కాను. సిగ్నల్ వచ్చాక చూస్తే అదే మనిషికి అదే పూట నాలుగున్నర రెండుసార్లు! పరీక్ష కాబట్టి సరిపోయింది, నిజం లెక్కైతే పదిహేను రోజుల బిల్లు రోజున మా కేంద్రం ముందు పంచాయితీ జరిగేది. మా చీటీ పుస్తకంలో ప్రతి చీటీకీ అచ్చేసిన నంబరు ఉంటుంది, ఒక నంబరు మీద రెండు చీటీలు పుట్టవు. మీ యాప్‌లో నేను అంకెలు ఎక్కించగానే, ఇంకా పంపకముందే, ఫోన్లోనే ఒక నంబరు పుట్టాలి. నేను పదిసార్లు నొక్కినా ఆ నంబరు మీద ఒక్కటే పడాలి. సిగ్నల్ లేకపోతే "ఫోన్లో భద్రంగా ఉంది, తర్వాత వెళ్తుంది" అని చెబితే నేను రెండో క్యాను పట్టుకుంటాను.

తప్పు పడితే దిద్దుకోవడం కూడా అంతే. పుస్తకంలో తప్పు రాస్తే మేం తెల్ల రంగు పూయం. ఒక గీత అడ్డంగా కొట్టి, పాత అంకె కనిపించేలా ఉంచి, పక్కన కొత్తది రాసి సంతకం పెడతాం. మీ యాప్‌లో అయితే దిద్దడానికే వీల్లేదు, లేదా మొత్తం చెరిపేయాలి. ఆ అడ్డగీత పెట్టు అమ్మా. యూపీఐలో డబ్బు వెళ్లేముందు అవతలి మనిషి పేరు చూపిస్తుంది చూడు, అలాగే నేను ఎక్కించే ముందు పేరూ లీటర్లూ ఒక్కసారి పెద్దగా చూపించినా సగం తప్పులు అక్కడే ఆగుతాయి.

నేను చేరిన కొత్తలో ఫ్యాట్ చూసే ఈ మెషీన్లు లేవు. ఆసిడ్ పోసి, గాజు గొట్టాలు గిర్రున తిప్పి ఫ్యాట్ చూసేవాళ్లం. అప్పటి నుంచీ ఇప్పటిదాకా మారనిది నా అరుపు. "మూడున్నర, ఆరు రెండు!" అని అరుస్తాను, అంటే మూడున్నర లీటర్లు, ఫ్యాట్ 6.2. లైన్లో అందరికీ వినపడుతుంది. చదువు రానివాళ్లకి అదే రసీదు. అంకె తేడా అనిపిస్తే అప్పుడే "నిన్న ఆరు అయిదు కదా, ఇవాళ ఇంతేంటి?" అని అడుగుతారు, శాంపిల్ మళ్లీ పెడతాను. యాప్ ఆ అంకెల్ని మౌనంగా మింగేస్తోంది. కిరాణా కొట్లో డబ్బా "నూట యాభై రూపాయలు అందాయి" అని తెలుగులో అరుస్తున్నప్పుడు మీది ఎందుకు అరవకూడదు?

ఇంకో సంగతి. మొన్న ఫోన్లో నువ్వు నసుగుతూ చెప్పావు: బిల్లు తెరలో పశువుల బీమా గడికి ముందే టిక్కు పెట్టేయమని మీ పైవాళ్లు అన్నారని, వద్దనుకున్నవాళ్లు తీసేసుకుంటారులే అన్నారని. మా వాళ్లెవరూ తీసెయ్యరు. అక్కడ గడి ఉందనే వాళ్లకి తెలీదు. నాకన్నా ముందు ఇక్కడ కూర్చున్నాయన ఫ్యాట్ 6.27 వస్తే 6.2 అని రాసేవాడు. "ఎవరికి తెలుస్తుంది" అన్నాడు. తెలియడానికి రెండేళ్లు పట్టింది. తెలిశాక సగం ఊరు పక్కూరి కేంద్రానికి పాలు తీసుకెళ్లింది, వాళ్లని వెనక్కి తేవడానికి నాకు ఆరేళ్లు పట్టింది. ఇలాంటి పనులకి ఇప్పుడు చట్టం అడ్డు కూడా ఉంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు ఇచ్చింది. కొనేవాణ్ని తెర మీద మభ్యపెట్టే పద్ధతులు 13 చెప్పి వద్దంది. అడక్కుండా బుట్టలో సరుకు వేసేయడం అందులో ఒకటి. నీ మాట వినకపోతే ఆ కాగితం ముందు పెట్టు. అప్పటికీ వినకపోతే నాకు ఫోన్ చెయ్యి, ఏం చెయ్యాలో ఇద్దరం ఆలోచిద్దాం.

కాంటాక్టులు చూడనివ్వమని ఎందుకు అడుగుతోందో కూడా కనుక్కో. ఒకాయన "మా బావమరిది నంబరుకీ మా గేదెకీ ఏం సంబంధం?" అని కాదన్నాడు. యాప్ మూసుకుపోయింది.

ఇన్ని చెప్పానని చిన్నబుచ్చుకోకు. దాణా బాకీ ఎంత కోశారో విడిగా చూపించే పేజీ చాలా బాగుంది. అది చూసి ఇద్దరు వాళ్ల లెక్క వాళ్లే సరిచూసుకున్నారు, నన్ను ఒక్క మాట అడగలేదు. ముప్ఫై ఏళ్లలో ఇలా జరగడం ఇదే మొదలు.

వచ్చే శనివారం రాత్రి బస్సుకి వచ్చెయ్. ఆదివారం అయిదుంబావుకి కేంద్రం తెరుస్తాను. లాప్‌టాప్ వద్దు, పాత చెప్పులు వేసుకో, కింద అంతా తడిగా ఉంటుంది. నువ్వు చేసిన యాప్ అని ఎవరికీ చెప్పను. నా పక్కన నిలబడి క్యాన్లు అందిస్తూ చూద్దువుగాని.

ఉంటాను,
నాన్న

తా.క.: ఇవాళ సాయంత్రం పూట పెద్దావిడ మళ్లీ ఫోను తీసింది. ఈసారి చెయ్యి ముందే పొడిగా తుడుచుకుని వచ్చింది. దాణా వ్యాసం దాటి బిల్లు దాకా వెళ్లింది. తర్వాత లాగవుట్ అయింది.