మూతపడిన రోజుల జీతం ఎవరివ్వాలి?

సంపాదకుడికి,

నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. మొత్తం జీతంలో బేసిక్ యాభై శాతమైతే చేతికొచ్చే జీతం ఎంత తగ్గుతుంది, గ్రాట్యుటీ ఎంత పెరుగుతుంది అని అందరూ లెక్కలు రాశారు. మంచిదే. అయితే వీటిలో మూడు కోడ్‌లు పార్లమెంటు దాటింది 2020 సెప్టెంబర్‌లో, కరోనా మన మధ్య తిరుగుతున్నప్పుడు. ప్రభుత్వమే తాళం వేయమన్నప్పుడు ఆ రోజుల జీతం ఎవరివ్వాలో అప్పుడైనా ఎందుకు తేల్చలేదన్నది నా ప్రశ్న.

నేను బాలానగర్, జీడిమెట్ల వైపు చిన్న యూనిట్లకు పీఎఫ్, ఈఎస్ఐ చలాన్ల పని చూస్తాను. ఓనర్లూ తెలుసు, వర్కర్లూ తెలుసు. ఆ ఏడాది ఇద్దరి టెన్షనూ దగ్గర నుంచి చూశాను.

లాక్‌డౌన్‌లో కోత లేకుండా జీతాలివ్వాలని 2020 మార్చి 29న కేంద్ర హోంశాఖ విపత్తు నిర్వహణ చట్టం కింద ఉత్తర్వు ఇచ్చింది. మర్నాడే మన తెలంగాణ ప్రభుత్వం తన ఉద్యోగుల్లో ఎక్కువ మందికి సగం జీతం వాయిదా వేసింది. నాలుగో తరగతి, ఔట్‌సోర్సింగ్ వాళ్లకు పది శాతం ఆపింది. పింఛన్లనూ వదల్లేదు. ఏ చట్టం కింద అని హైకోర్టులో ప్రశ్న వచ్చాక, జూన్‌లో ఆర్డినెన్సు తెచ్చుకుంది. ఖజానా ఉన్న సర్కారుకే చేతకానిది, నాలుగు లేత్ మెషిన్లు పెట్టుకుని బ్యాంకు వాయిదాలు కట్టే ఓనరుకు ఎలా సాధ్యం?

కేంద్రం ఆ ఉత్తర్వును మే 18 నుంచి ఎత్తేసింది. మధ్యలో మిగిలిన యాభై రోజుల జీతం సంగతి ఫికస్ పాక్స్ అనే కంపెనీ వేసిన కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. యాజమాన్యాలపై బలవంతపు చర్యలొద్దు, ఇరువైపులా మాట్లాడుకోండి, కుదరకపోతే కార్మిక శాఖ దగ్గరకు వెళ్లండి అని జూన్ 12న కోర్టు చెప్పింది. పెద్ద కంపెనీలో యూనియన్ ఉంటే ఆ మాట నడుస్తుంది. మళ్లీ పనిలోకి పిలిస్తే చాలని గేటు దగ్గర నిలబడ్డ హెల్పరు ఏప్రిల్ జీతం గురించి నోరెత్తుతాడా? జీతాలివ్వండి, ఊళ్లకు పంపండి అని కందిలోని ఐఐటీ నిర్మాణ కూలీలు ఏప్రిల్ 29న ఆందోళనకు దిగితే, మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు తొలి శ్రామిక్ రైలు వెళ్లింది. అలా ఊరు చేరినవాళ్లు అక్కణ్ణుంచి ఎవరితో బేరమాడాలి?

సాయం అసలు రాలేదనను. వంద మందిలోపు సంస్థల్లో, 90 శాతం మంది జీతం 15 వేల లోపు ఉంటే, ఆ తక్కువ జీతాలవాళ్ల పీఎఫ్ 24 శాతమూ కేంద్రమే కట్టింది. నేను చూసే ఒక మెషిన్ షాపులో 22 మంది. ముగ్గురు సీనియర్ టర్నర్లకు 15 వేలు దాటింది. మిగతా 19 మందిని ఎలా లెక్కేసినా 86 శాతమే. అంతే, యూనిట్ మొత్తానికీ పథకం లేదు. పనిమంతులకు నాలుగు రూపాయలు ఎక్కువిచ్చిన పాపానికి అందరూ పోగొట్టుకున్నారు.

ఈఎస్ఐ నిరుద్యోగ భృతిని కూడా 25 శాతం నుంచి 50 శాతానికి పెంచారు, 90 రోజుల వరకు. కానీ ఉద్యోగం పోయినట్టు రికార్డుండాలి. మా వైపు ఎక్కువ మందిని ఎవరూ తీసేయలేదు, 'ఉండు, ఫోన్ చేస్తా' అన్నారు. కాగితం మీద ఉద్యోగం ఉంది, చేతిలో జీతం లేదు, భృతికి అర్హత లేదు.

ఇక కొత్త చట్టం సంగతి. పని లేక కూర్చోబెడితే సగం జీతమివ్వాలన్న లేఆఫ్ నిబంధన పాత చట్టంలో ఉన్నదే, పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోకీ వచ్చింది. అది ఫ్యాక్టరీలు, గనులు, తోటలకే, అదీ యాభై మంది ఉంటేనే. మన నగరంలో ఫంక్షన్ హాళ్లు, సినిమా థియేటర్లు, బట్టల షాపులు, టిఫిన్ సెంటర్లు, ప్రైవేటు స్కూళ్లు వీటిలో దేని కిందికొస్తాయి? 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు టీచర్లకు రాష్ట్రం నెలకు రెండు వేలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. దయతో ఇచ్చింది, సంతోషం. హక్కుగా మాత్రం వాళ్లకేమీ లేదు. యాజమాన్యాల విషయంలో చట్టానికి బాగానే గుర్తుంది: మహమ్మారి వస్తే పీఎఫ్, ఈఎస్ఐ చందాలను మూడు నెలల వరకు వాయిదా వేయొచ్చని సామాజిక భద్రత కోడ్‌లో రాసుకున్నారు. తొలగింపులకు ప్రభుత్వ అనుమతి అక్కర్లేని పరిమితినీ 100 నుంచి 300 మందికి పెంచారు.

షాపులు, సంస్థల చట్టం మాత్రం రాష్ట్రం చేతిలోదే. ప్రభుత్వ ఆదేశంతో మూతపడిన రోజులకు ఇంత శాతం జీతం అని అందులో ఒక సెక్షన్ చేర్చాలి. అది సగమా, నలభై శాతమా అన్నది యాజమాన్య సంఘాలు, యూనియన్లు, కార్మిక శాఖ కూర్చుని తేల్చుకోవచ్చు. చిన్న సంస్థల వాటాలో కొంత ఈఎస్ఐ నిధి నుంచి ఇవ్వాలని రాష్ట్రం కేంద్రాన్ని అడగాలి. ఓనరు 3.25 శాతం, వర్కరు 0.75 శాతం చొప్పున నెల నెలా కడుతున్న సొమ్మే కదా అది. ఆ డబ్బుకు వర్కరు తానే దరఖాస్తు పెట్టుకునేలా ఉండాలి, ఓనరు సంతకం కోసం తిరిగే అవసరం లేకుండా.

— ఒక పాఠకుడు, బాలానగర్, హైదరాబాద్