తలకిందుల జెండా

ఫ్రీమాంట్,
మార్చి 16, 2025

ఒరేయ్ సూర్యం,

రెండు నెలలుగా జవాబు లేదు, తిట్టుకున్నది చాలు. అమ్మకు కంటి ఆపరేషన్ అయింది, బాగుంది. మిగతావి తీరిగ్గా. ముందు ఇది చెప్పకపోతే నాకు అన్నం అరగదు.

ఫిబ్రవరి 22న యోసెమిటీ వెళ్లాం, కాలిఫోర్నియాలోని జాతీయ పార్కు. అక్కడ ఎల్ క్యాపిటన్ అని తొమ్మిది వందల మీటర్ల నిటారు బండ ఉంది. దాని తూర్పు అంచున సన్నటి జలపాతం. ఫిబ్రవరిలో కొద్దిరోజులు మాత్రం, పొద్దుగూకే వేళ ఎండ సరిగ్గా పడితే నీళ్లు నిప్పులా జారతాయి. మబ్బు అడ్డొచ్చిందా, అంతే సంగతులు. చలిలో కాళ్లు మార్చుకుంటూ నిలబడ్డాం. చుట్టూ కెమెరాలే. నా పక్కాయన గుంటూరు మనిషి. ఆయన పులిహోర కథ తర్వాత.

కాసేపటికి బండ మీద ఏదో విప్పుకుంది. అమెరికా జెండా! అదీ నక్షత్రాలు కిందికి పెట్టి. నాకు గుర్తొచ్చింది నువ్వేరా. ఎనిమిదో తరగతి, ఆగస్టు 15, ఆకుపచ్చ పైకి... డ్రిల్లు మాస్టారి చెయ్యి చెంప మీద ఇంకా ఉందా? ఫక్కున నవ్వేశాను. ముందున్న ముసలావిడ వెనక్కి తిరిగి చూసిన చూపుకు ఆ నవ్వు గొంతులోనే ఆగిపోయింది. "పొరపాటు కాదు. ఆపదలో ఉన్నామని చెప్పడం" అంది.

కట్టినవాళ్లలో పార్కు పనివాళ్లే ఉన్నారట. అంతకు ఎనిమిది రోజుల ముందు జాతీయ పార్కుల శాఖలో దాదాపు వెయ్యి మందిని తీసేశారు, అటవీ శాఖలో అంతకు రెట్టింపు. అందరూ ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లు. పని రాని కుర్రాళ్లనుకునేవు! ఏళ్ల తరబడి సీజను పనిచేసి పర్మనెంటు అయినవాళ్లకూ, ప్రమోషన్‌తో కుర్చీ మారినవాళ్లకూ ఇక్కడ ప్రొబేషనే. యోసెమిటీ అంతటికీ తాళాలు చూసేవాడు ఒక్కడు. మూడు వేల చదరపు కిలోమీటర్లు, ఒక్కడు! ప్రొబేషన్ ఇంకో మూడు వారాల్లో ముగుస్తుందనగా ఇంటికి పంపారు. మన హాస్టల్ వాచ్‌మన్ తాళం చెవి పోగొట్టుకున్న ఒక్క రాత్రికే మనం ఎంత... సరే, అది వద్దులే.

నిరుడు ఈ దేశపు పార్కులకు 33 కోట్ల పైచిలుకు రాకపోకలు, అంతకుముందెన్నడూ లేనంత. చేయకుండా వాయిదా వేసిన మరమ్మతులే 2,300 కోట్ల డాలర్లు. జనం పెరిగితే చేతులు తగ్గించడం ఏ లెక్కో! డబ్బు మిగలాలంటే ముందు తాళాలవాడు గుర్తొస్తాడు కాబోలు.

జలపాతం వెలిగిందా అని అడగకు. నేను జెండావైపే చూస్తూ ఉండిపోయాను. ఇంట్లో ఇంకా దెప్పుతున్నారు.

మొన్న 13న శాన్‌ఫ్రాన్సిస్కోలో జడ్జి వాళ్లందరినీ వెనక్కి తీసుకోమన్నాడు. తీసుకుంటారో, పై కోర్టుకు పోతారో. ఆ తాళాలాయన మాత్రం...

కింద హారను మోగుతోంది, పాపను ఈతకు దింపాలి. పులిహోర సంగతి ఈసారికి బాకీ.

నీ
రాజు